‘సి’ మీదే ఆగిన సూది

2011 సెప్టెంబర్. పేరుకు మహబూబాబాద్, మా నోటికి మాత్రం మానుకోటే. తెలంగాణ ఉద్యమం ఊపు మీద ఉంది. ఆఫీసులకు తాళాలు, బడులు బంద్, బస్సులు డిపో గేటు దాటడం లేదు. రోడ్ల మీదే వంటలు, రోడ్ల మీదే ఆటపాటలు. బస్టాండుకు కాస్త ఇవతల ఉన్న నా షెడ్డులో మాత్రం పనికి తెరిపి లేదు. ఇంటి వెనక మూలకు పడేసిన పాత కార్లన్నీ జనం బయటకు లాగారు. వచ్చిన ప్రతి ఒక్కరిదీ ఒకటే మాట, మైలేజీ పెంచమని.

ఇన్నేళ్ల మెకానిక్‌ని కదా, ఏదో ఘనకార్యం చెబుతాననుకుంటారేమో. గొప్పలు చెప్పుకునేవాళ్లు మా లైనులో కావలసినంతమంది ఉన్నారు, వాళ్లను అడగండి. నేను చెప్పేది నేను చేసిన పాడు పని గురించి.

బాలు బస్సు డ్రైవర్. ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో వాళ్ల తండా. సమ్మె మొదలైన రోజే బస్సును డిపోలో పెట్టి వచ్చి శిబిరంలో కూర్చున్నాడు. అతని భార్య కమ్లికి రెండు కిడ్నీలూ చెడిపోయాయి. వారానికి రెండుసార్లు వరంగల్ వెళ్లి డయాలసిస్ చేయించుకోవాలి. అంతవరకు ఆమె బాలు నడిపే బస్సులోనే, అతని వెనక సీట్లో కూర్చుని వెళ్లేది. ఇప్పుడు ఆ బస్సు లేదు, కిక్కిరిసిన రైలెక్కే ఓపిక ఆమెకు లేదు. ఆపింది బాలే.

మిగిలింది అతని పాత చిన్న కారు. కార్బ్యురేటర్ ఉన్న బండి. పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజన్‌కు పంపేది కార్బ్యురేటర్, ఇప్పటి బండ్లలో ఆ పని కంప్యూటర్ చూసుకుంటోంది. పోను రాను నూట ముప్పై కిలోమీటర్లు. బండేమో లీటరుకు పన్నెండు కూడా ఇవ్వడం లేదు. సమ్మెలో జీతం ఆగిపోయింది. బంకుల్లో ఒకరోజు పెట్రోలు ఉంటే రెండు రోజులు ఉండడం లేదు.

“పదహారు ఇచ్చినా చాలు అన్న. ఒక్క దఫా తప్పినా ఒంట్ల నీళ్లు చేరుతయన్నడు డాక్టరు,” అన్నాడు బాలు.

కమ్లి కారులోనే కూర్చుని ఉంది. కాళ్లు వాచి చెప్పులు పట్టడం లేదు, అయినా నోరు ఊరుకోదు. “నాకు నీళ్లు గిలాసతోని కొలిచి ఇస్తడు, బండికి పెట్రోలు కొలిచి పోస్తడు. ఇద్దరం గీయన చేతులనే పడ్డం అన్న,” అంది. బాలు లంబాడీలో ఏదో అన్నాడు. నాకు ఆ భాష రాదు గానీ ఆమె చాలాసేపు నవ్వింది.

రెండు రోజులు ఆ బండి మీదే కూర్చున్నాను. ప్లగ్గులు మార్చాను, ఎయిర్ ఫిల్టర్ మార్చాను. వెనక చక్రాలకు బ్రేకు పట్టి ఉంటే వదులు చేశాను. టైర్లలో గాలి సరిచేశాను. డిక్కీలో ఉన్న చెత్తంతా దింపేశాను. కొలిస్తే పదమూడున్నర వచ్చింది. నాకు తిక్క రేగింది. పదమూడున్నర అని బాలుకు చెప్పడానికి మొహం చెల్లలేదు.

అప్పుడు మా పాత మిస్త్రీల చిట్కా ఒకటి చేశాను. కార్బ్యురేటర్ లోపల జెట్ అని ఇత్తడి ముక్క ఉంటుంది, దానికి సన్నని రంధ్రం. పెట్రోలు ఆ రంధ్రంలోంచే రావాలి. కరెంటు వైరులోంచి ఒక రాగి పోగు తీసి ఆ రంధ్రంలో పెడితే పెట్రోలు తగ్గుతుంది. దాన్ని లీన్ చేయడం అంటాం. గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైతే ఇంజన్ లోపల మంట వేడి పెరుగుతుందని నాకు తెలుసు. తెలిసే చేశాను. పదహారు దాటింది. బాలు నా రెండు చేతులూ పట్టుకున్నాడు, నేనూ కాలర్ ఎగరేశాను.

“గరం గిట్ల అయితదా అన్న?” అని అడిగాడు.

“నీ బండి గరమయ్యేదే లేదు. గా పని నేను ఎప్పుడో చేసి పెట్టిన,” అన్నాను.

ఎప్పుడో అంటే ఎనిమిదేళ్ల కింద. అతను ఆ బండి కొన్న కొత్తలో, మే నెలలో, గార్ల దారిలో రేడియేటర్ మరిగి ఆగిపోయింది. ఇంజన్ నుంచి రేడియేటర్‌కు నీళ్లు పోయే దారిలో థర్మోస్టాట్ వాల్వ్ అని నిమ్మకాయంత ఉంటుంది. నీళ్లు బాగా కాగేదాకా అది తెరుచుకోదు. మన ఎండలకు అదెందుకు, నీళ్లకు అడ్డం అని నాకు పని నేర్పిన ఉస్తాద్ పీకేసేవాడు. ఆయన్ని చూసి నేనూ పీకేశాను, నన్ను చూసి మా లైనంతా పీకేసింది. పీకినవాటిని పాత ఇత్తడికి అమ్మేవాళ్లం. ఒకదాన్ని కాగితాలు ఎగిరిపోకుండా నా టేబుల్ మీద పెట్టుకున్నాను. ఆ రోజు నుంచి బాలు బండిలో వేడి చూపించే సూది, చల్లదనానికి గుర్తుగా ఉండే ‘సి’ అక్షరం మీది నుంచి లేవలేదు. నా ఇంజన్ సల్లగుంటది అని అతను నలుగురికీ చెప్పుకునేవాడు.

ఐదు ట్రిప్పులు సాఫీగా నడిచింది. ఆరోసారి నెక్కొండ దాటాక ఇంజన్ దడదడ కొట్టుకుని ఆగిపోయింది. ఆ రోజు రైళ్లు కూడా బంద్. బాలు ఫోన్ చేశాడు. ప్లగ్గు వైర్లు చూడమన్నాను, కార్బ్యురేటర్ చూడమన్నాను. ఏం చేసినా స్టార్ట్ కాలేదు. చివరికి మక్కజొన్న బస్తాల ట్రాలీ ఆటో ఒకటి దొరికితే కమ్లిని బస్తాల మీద పడుకోబెట్టి తీసుకుపోయాడు. రెండుచోట్ల రోడ్డుకు అడ్డంగా జనం. నేనూ సమ్మెలోనే ఉన్న, బస్సు డ్రైవర్‌ను అని బాలు చెప్పుకుంటే దారి ఇచ్చారు. అయితేనేం, చేరేసరికి ఆమె టైం దాటిపోయింది, మిషన్ వేరే పేషెంట్‌కు పెట్టారు. రేపు పొద్దున చేస్తామన్నారు. పొద్దున మిషన్ పెట్టారు గానీ అప్పటికే ఊపిరితిత్తుల్లో నీళ్లు చేరాయి. ఆ మరునాడు పోయింది.

సమ్మె విరమించాక బాలు ఆ కారును తాడు కట్టి నా షెడ్డుకు లాక్కొచ్చాడు. హెడ్ విప్పాను. హెడ్ అంటే ఇంజన్ పై భాగం, పొగ బయటకు పంపే వాల్వులు అందులోనే ఉంటాయి. మూడో సిలిండర్ వాల్వ్ అంచు కాలి తునిగిపోయి ఉంది. లీన్ బండికి వచ్చే రోగమే అది. రాగి పోగు పెట్టిన చేతిలోనే ఆ వాల్వ్ పట్టుకుని నిలబడ్డాను.

“సూది గా దినం గూడ సి మీదనే ఉండె అన్న,” అన్నాడు బాలు. “ఇంజన్ సల్లగనే ఉన్నది. మరి ఎట్ల పోయింది?”

అప్పుడు వెలిగింది నా బుర్ర. నీళ్లు చల్లగా ఉండబట్టే సూది లేవలేదు, పైన వాల్వ్ కాలుతున్నా చెప్పలేకపోయింది. అంతకంటే పాడు సంగతి ఇంకొకటి. థర్మోస్టాట్ లేని ఇంజన్‌కు ఎంత దూరం పోయినా వేడెక్కడం ఉండదు, చల్లటి ఇంజన్ పెట్రోలును సరిగా కాల్చలేదు, తాగుతూనే ఉంటుంది. మైలేజీ మొత్తం అక్కడే పోతోంది. రెండు రోజులు బండి అంతా వెతికాను, నేను పీకేసిన చోటు తప్ప.

“పాత బండి గదా బాలు, గట్లనే అయితది,” అన్నాను. అంత సిగ్గులేని మాట నా నోటి నుంచి ఇంకెప్పుడూ రాలేదు.

సామాను దొరక్క పని నెల రోజులు సాగింది. డ్యూటీ దిగాక బాలు రోజూ వచ్చి స్టూలు మీద కూర్చునేవాడు. రోజూ ఒకటే మాట. “బస్సు నేనే ఆపిన అన్న. నా బస్సు నడిచి ఉంటే కమ్లి నా ఎనక సీట్ల కూసుని పోయేది. తెలంగాణ కావాలన్న, కమ్లిని పోగొట్టుకున్న.” నేను తల వంచుకుని స్పానర్ తిప్పుతూ ఉండేవాడిని. ఊరుకో బాలు, నీదేం తప్పు అని కూడా అన్నాను. నాది తప్పు అని మాత్రం అనలేదు.

బండి బిగించాను. రాగి పోగు తీసేశాను. ఖమ్మం నుంచి కొత్త థర్మోస్టాట్ తెప్పించి, ఎవరికీ చెప్పకుండా పెట్టాను. బాలు బండి తీసుకుపోయాడు.

పది రోజులకు మళ్లీ వచ్చాడు. “ఏం జేసినవ్ అన్న? సూది సగం దాక లేస్తుంది. లీటరుకు పద్దెనిమిది ఇస్తుంది,” అన్నాడు. మొహంలో సంతోషం లేదు, బాధా లేదు. “పద్దెనిమిది. ఇగ నేను యాడికి పోవాలె?”

ఇంక నావల్ల కాలేదు. టేబుల్ మీది థర్మోస్టాట్ తీసి అతని చేతిలో పెట్టి మొత్తం చెప్పాను. రాగి పోగు సంగతీ చెప్పాను. కొడతాడనుకున్నాను, కొట్టినా బాగుండేది. అతను దాన్ని రెండుసార్లు అటూ ఇటూ తిప్పి చూశాడు.

“గిది పీకినప్పుడు నీకు తెల్వదు. తీగ పెట్టింది నా కోసమే. రెండు తప్పులూ నేను మన్నిస్త అన్న,” అన్నాడు. “కాని నేనే సంపుకున్న అని నెల రోజులు నీ ముందల కూసుని ఏడిస్తే, ఇనుకుంట పనిజేసుకున్నవ్ గద.”

దాన్ని కాగితాల మీద, ఉన్న చోటే పెట్టి వెళ్లిపోయాడు. ఆ కారు మళ్లీ నా షెడ్డుకు రాలేదు.

ఇప్పుడు మైలేజీ అని ఎవరొచ్చినా బానెట్ ఎత్తకముందు సూది ఎక్కడ నిలబడుతోందని అడుగుతాను. థర్మోస్టాట్ పీకే మెకానిక్ కనిపిస్తే మొహం మీదే తిడతాను. పనిలో నేర్చుకున్నది అంతవరకే. రెండో సంగతి, తప్పు నాదేనని చెప్పడం, నేర్చుకోవడానికి నాకు నెల రోజులు పట్టింది, ఆ నెలంతా నా తప్పు బాలు మోశాడు.

రాష్ట్రం వచ్చిన రోజు మానుకోట చౌరస్తాలో ఊరంతా రంగులు చల్లుకుంది. బాలు బస్సు ఆ గుంపులోంచి మెల్లగా వచ్చింది. జనం అతని మీద కూడా గులాల్ పోశారు, అతను కాదనలేదు. అతని వెనక సీటు ఖాళీగా ఉంది. నేను చెయ్యెత్తాను. అతను నన్ను చూశాడు, చూసి గేరు మార్చుకుని వెళ్లిపోయాడు.