జలపాతం కింద రెండు వేళ్ల కాగితం

మొన్న మనవరాలు గీసిన బొమ్మకు ఫ్రేము కట్టించడానికి వెళ్తే, దుకాణదారు స్కేలు పెట్టి కింది అంచు కోయబోయాడు. "ఆగు!" అని నేను అరిచిన అరుపుకు ఎదురుగా చాయ్ తాగుతున్నవాళ్లు కూడా తిరిగి చూశారు. ముసలమ్మకు ఇంత గొంతేమిటని అనుకుని ఉంటారు.

డెబ్బైలలో మా బాపుకు హైదరాబాద్ దబీర్‌పురాలో ఫ్రేముల దుకాణం ఉండేది. వచ్చేవన్నీ దేవుళ్ల క్యాలెండర్లే. కింద బట్టల కొట్టు పేరో బీడీల కంపెనీ పేరో ఉంటే కోసి పారేసి, దేవుణ్ణి మాత్రం అద్దంలో బిగించడం ఆయన పద్ధతి. "దేవుని కాళ్ల కింద బీడీల పేరేంది?" అనేవాడు. ఆయనకు ఇంగ్లిషు రాదు. బొమ్మ కింద అక్షరాలు కనిపిస్తే చాలు, కత్తి దానంతటదే కదిలేది.

ఒకరోజు, మేం పిన్ని వరసగా ఖాలా అని పిలిచే మా వెనకింటామె, వాళ్ల తాత దాచిన ఒక జలపాతం బొమ్మను పాత దుపట్టాలో చుట్టి తెచ్చింది. రెండు వందల ఏళ్ల నాటిది, ఎవరో దొర కాగితం మీద నీటిరంగులతో వేశాడట. నల్లటి రాళ్ల మీంచి తెల్లటి నీళ్లు దూకుతుంటే, కింద చీమంత మనిషి గొడుగు పట్టుకుని చూస్తుంటాడు. అంత దూరం తడవడానికే వచ్చి గొడుగెందుకో అని నవ్వుకున్నాం. దాన్ని అమ్మి హజ్‌కు పోవాలని ఖాలా ఆశ. కొనేవాడి కంటికి కళగా కనబడాలని ఫ్రేము కట్టమంది.

బాపు అలవాటు కొద్దీ కింద రెండు వేళ్ల మేర కోసేశాడు. గీసినవాడి పేరు, సంవత్సరం ఆ ముక్కలోనే ఉన్నాయని తర్వాత అర్థమైంది. ఇంటరు చదువుతున్న నేను, దాన్ని చదవనైనా చదవకుండా చెత్తతో పాటు ఎత్తి జిగురు కాచే పొయ్యిలో వేశాను.

కొనడానికి ఖాలా ఇంటికి వచ్చిన అఫ్జల్‌గంజ్ వ్యాపారి బొమ్మను అటూ ఇటూ తిప్పి, "పేరు లేనిది ఎవడు కొంటడు?" అని లేచిపోయాడట. ఖాలా మా దుకాణానికి వచ్చింది. పాపం, చూపు ఆనదు. "కింద పేరుందని మా తాత చెప్తుండె కదా?" అంది.

"గట్లనే వచ్చింది ఖాలా. కావాలంటే మా బిడ్డనడుగు" అన్నాడు బాపు, తల ఎత్తకుండా.

ఖాలా నా వైపు తిరిగింది. "అవును ఖాలా, తెచ్చినప్పుడే పేరు లేకుండె" అన్నాను.

ఆమె నా తల నిమిరింది. "అయితే మా తాతనే ఝూట్ చెప్పిండు బేటీ. నువ్వెందుకు చెప్తవ్?"

తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఖాలా హజ్‌కు పోలేదు. పన్నెండేళ్లు ఆ బొమ్మ కిందే కూర్చుని, వచ్చినవాళ్లందరికీ తాత మోసం గురించి చెప్పేది. నేను పక్కనే కూర్చుని ఆమె ఇచ్చిన చాయ్ తాగేదాన్ని. ఎప్పుడో ఒకనాడు చెబుదాంలే అనుకున్నాను, రోజులన్నీ నా చేతిలో ఉన్నట్టు. ఖాలా మాత్రం తాతను క్షమించకుండానే పోయింది.