డాక్టర్ చెప్పిన ఏడాది

ఏడాది దాకా ఈమె ఒంటి మీద మళ్లీ కత్తి పెట్టొద్దన్నాడు హైదరాబాద్ డాక్టర్. నా భార్యకు గుండెలో మూసుకుపోయిన కవాటాన్ని తెరిచారు. ఎడమ రొమ్ము కింద కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ఇద్దరు పిల్లలు చాలు, ఇంకో కానుపు వస్తే ప్రాణానికే ముప్పంటున్నారు గదా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా ఇప్పుడే చేసెయ్యండని నేనడిగితే వచ్చిన జవాబది. అంత తొందరైతే నువ్వు చేయించుకో, నీది మత్తుసూదితో పది నిమిషాల పని అని కూడా అన్నాడు. తలూపి వచ్చాను. తలూపడంలో నన్ను మించినవాడు లేడు.

అప్పుడు నేను సుల్తానాబాద్ దిక్కు గ్రామసేవక్‌ని. ఎరువులు, విత్తనాల సంగతులతో పాటు మగవాళ్లను ఆపరేషన్ క్యాంపుకు తీసుకుపోవడమూ నా కొలువే. బలం తగ్గదు, మగతనం ఎక్కడికీ పోదు అని ఊరూరా గొంతు చించుకునేవాణ్ణి. ఒక నేతన్న భయపడితే నెల రోజులు అతని మగ్గం పక్కన కూర్చుని నచ్చజెప్పి, సైకిల్ మీద ఎక్కించుకుపోయాను. నాదాకా వచ్చేసరికి నన్ను కన్న అవ్వ ఒప్పుకోదన్నాను. ఒట్టి అబద్ధం. అవ్వను నేనడిగిందే లేదు. భయం నాది. థూ, నాదీ ఒక బతుకేనా!

నా భార్య ఒక్కసారే అడిగింది, అన్నం వడ్డిస్తూ.

"అందర్ని తీస్కపోతున్నవ్. నువ్వెప్పుడు పోతవ్?"

"ఏడాదే గదా. జర ఓపిక పట్టు," అన్నాను.

ఆమె మళ్లీ అడగలేదు. నేను వేరే మంచం వేసుకున్నాను, కొన్నాళ్లు. ఓపిక పట్టమన్నది నేనే, పట్టలేనిదీ నేనే. గుండె ఆపరేషనైన ఏడో నెలలో ఆమె నెల తప్పింది. కడుపు పెరుగుతున్నకొద్దీ ఆయాసం ఎక్కువైంది. పడుకుంటే ఊపిరాడక రాత్రంతా గోడకానుకుని కూర్చునేది. చివరికి కరీంనగర్ తీసుకుపోతుంటే బస్సులోనే పోయింది. డాక్టర్ చెప్పిన ఏడాదికి ఇంకా పదిహేను రోజులున్నాయి.

పదోనాడు ఆ నేతన్న వచ్చాడు. అరుగు మీద కూర్చున్నాడు. అమ్మ కడుపుతో ఉండెనట గదా అన్నాడు. అవునన్నాను. లేచి తువ్వాల భుజాన వేసుకుని, నా మొహం చూడకుండా అన్నాడు.

"సారూ, నేను ఆపరేషనైన మూడో దినమే మగ్గం మీద కూసున్న."