వేళ్ల వెంట కండ్లు

యూనివర్సిటీ హాస్టళ్లల్ల నాది కరెంటు పని. ఆరేండ్లు తాగిన. ఎందుకు మొదలువెట్టిన్నో నాకు తెలుసు. ఒకనాడు మెయిన్ బంద్ చేసిన్నని నాతోని పని చేసే జోడీగానికి చెప్పిన. వాడు పట్టుకున్న తీగెకు కరెంటు ఇంకో దిక్కు నుంచి వస్తున్నదని నాకు తెల్వదు. షాక్ కొట్టి నిచ్చెన మీది నుంచి నా ముందే పడ్డడు. దవాఖాన్ల పానం పోయింది.

తాగుడు మాన్పించే సెంటర్ల రెండుసార్లు ఉన్న. బయటికొచ్చి నెల దినాలు మంచిగనే ఉంటుంటి. ఆ నిచ్చెన కండ్లల్లకు రాంగనే మళ్ల సీసా పట్టుకుంటుంటి. రెండోసారి అక్కడి డాక్టరే, గోళీలు ఆపకుండ తార్నాకల ఒక కౌన్సెలింగ్ మేడం దగ్గరికి గూడ పొమ్మన్నడు. కోస్తా దిక్కు మనిషి, నా బిడ్డ ఈడుది. తాగుడు కింద ఒక దెబ్బ ఉన్నది, దాన్ని గూడ మాన్పకుంటే తాగుడు మళ్లొస్తదని చెప్పింది. గురువారం గురువారం పోతుంటి. మొదటి రెండు వారాలు ముచ్చట్లే. మనసు బేజారైతే ఎట్ల నిలవెట్టుకోవాల్నో నేర్పింది.

మూడో వారం ఎదురుంగ కూసోని, ఆ నిచ్చెనను మనసులకు తెచ్చుకోమన్నది. బాధ ఎంతున్నదో సున్న నుంచి పది దాక చెప్పమంటే, పది అన్న. రెండు వేళ్లు నా ముందట అటిటు తిప్పుకుంట, "తల కదపకండి. కళ్లతోనే వేళ్లను చూడండి. ఏది గుర్తొస్తే అది రానివ్వండి," అన్నది. నుమాయిష్ ఎగ్జిబిషన్ల మేజిక్ లెక్క అనిపించి నవ్వొచ్చింది. కొంతసేపటికి ఆపి, ఏమొచ్చిందని అడుగుడు. చెప్పంగనే మళ్ల వేళ్లు. నిచ్చెన, వాడు పడుడు, మళ్ల నిచ్చెన. ఐదోసారో ఆరోసారో, ఒక్కసారే హాస్టల్ గేటు కనబడ్డది. నేను ఉరుకుతున్న. వాడు నా భుజం మీదున్నడు.

"నేను ఉరికిన మేడం," అన్న. "కట్టెతోని తీగె ఎల్లగొట్టిన. ఎత్తుకోని గేటు దాక ఉరికిన."

ఆరేండ్లల్ల ఆ ముక్క ఒక్కనాడు యాదికి రాలే. చెంపలు తడిసినయి గని, లోపల ఎగరాల్నన్నంత సంబురం. బాధ ఎంతున్నదని మేడం మళ్ల అడిగితే నాలుగు అన్న. బస్సెక్కబుద్ధి గాలే. తార్నాక నుంచి క్యాంపస్‌లకెళ్లి సీతాఫల్‌మండిల మా ఇంటి దాక నడిచిన. తలుపు తియ్యంగనే నా భార్యకు మొత్తం చెప్పిన. చెప్పిందే మళ్ల చెప్తుంటే, ఇంటున్న, ముందుగాల కూసో అన్నది.

తర్వాతి వారాలల్ల గ్లాసును, దాని వాసనను తలుసుకోమని, ఎంత గుంజుతున్నదో అడుక్కుంట అట్లనే వేళ్లు తిప్పింది. నడుమ ఒక ఫంక్షన్ల తాగిన. సిగ్గుతోని పోతే తిట్టలే, ఆ దినం కాడికెళ్లే మొదలువెట్టింది. ఇప్పటికి పది నెలలైతున్నది, ముట్టలే.

పోయిన వారం గోల్నాకకు, వాడి భార్య దగ్గరికి పోయిన. అన్నేండ్లు ఆమెకు మొఖం చూపియ్యలే. మెయిన్ సంగతి, ఎత్తుకోని ఉరికిన సంగతి దాసకుండ చెప్పిన. ఆమె లేసి పొయ్యి మీద చాయ్ పెట్టింది.

"ఎత్తుకున్నప్పుడు ఏమన్న అన్నడా అన్నా?" అని అడిగింది.

"జర మెల్లగ ఉరుకురా, పడ్తవ్ అన్నడు."

ఆమె ఏడ్సుకుంటనే నవ్వింది. అచ్చం ఆయన మాటే అన్నది. చాయ్ తాగి బయటికి రాంగనే మేడంకు ఫోన్ చేసిన. ఊపిరి తియ్యకుండ మాట్లాడుతుంటే, కొంచెం గురువారానికి కూడా ఉంచండి అన్నది.