మల్లేశు ఫోన్ చేసే ఆదివారం

నేను దయ్యాలను నమ్మను. ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పుకుని బతికినవాణ్ణి. శ్మశానం పక్కన ఇల్లు కిరాయికి దొరికితే గాలి బాగా వస్తుందని సంతోషపడ్డవాణ్ణి. ఇది చదివి నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. ఒకప్పుడు నేనూ ఇలాంటివి విని నవ్వేవాణ్ణి.

తొంభైల చివర్లో మహబూబ్‌నగర్‌లో ఉండేవాళ్లం. మా గల్లీ మొత్తానికి ఫోన్ మా ఒక్క ఇంట్లోనే ఉండేది. అందరూ బంధువులకు మా నంబరే ఇచ్చుకునేవారు, పక్కన 'పి.పి.' అని రాసి. ఫోన్ మోగితే నేనో మా ఆవిడో వెళ్లి వాళ్లను పిలుచుకు రావాలి.

నాలుగిళ్ల అవతల సాయమ్మ ఉండేది. ఆమె ఒక్కగానొక్క కొడుకు మల్లేశు బొంబాయిలో మేస్త్రీ. ప్రతి ఆదివారం మూడింటికి అక్కడి ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసేవాడు. సాయమ్మ ముందే వచ్చి మా గడప మీద కూర్చునేది. మాట్లాడేది మూడు నిమిషాలే గానీ, వారమంతా ఆమె ఎదురుచూసేది వాటి కోసమే.

ఆ ఆదివారం నేను ఇంటర్నెట్ పెట్టుకుంటూ కూర్చున్నాను. హైదరాబాద్‌లో ఉండే మా బావమరిది తను వాడి పక్కన పడేసిన ల్యాప్‌టాప్ నాకిచ్చాడు. బరువు బండరాయంత, మూత తెరిస్తే కిర్రుమనేది. ఫోన్ వైరు తీసి దానికి గుచ్చితే, అది నంబరు తిప్పి, కీచుమని అరిచి, ఆగిపోయేది. ఎంతకీ కనెక్ట్ కాలేదు. అది తిప్పుతున్నంతసేపూ ఇంటికి బయటి ఫోన్లు రావు. ఆ సంగతి నాకు తెలుసు.

మూడు దాటింది.

"సారూ, జర ఇడువరాదు? మా పోరడు చేసే టైమాయె," అంది సాయమ్మ.

ఐదు నిమిషాలన్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. వంటింట్లోంచి మా ఆవిడ తిట్టినా వినలేదు. నాలుగయినా వదల్లేదు. సాయమ్మ మళ్లీ అడగలేదు. కొంగు వేలికి చుట్టుకుంటూ ఫోన్ వంకే చూస్తూ కూర్చుంది.

చివరికి విసుగొచ్చి గోడ దగ్గర వైరు పీకేశాను. ఆ వైరు ఇంకా నా చేతిలోనే ఉంది. ల్యాప్‌టాప్ మళ్లీ కీచుమంది. ఆ కీచులోంచి ఒక గొంతు వచ్చింది.

"ఫోన్ కలుస్తలేదే అమ్మా. నేనే వచ్చిన. తలుపు తియ్యి."

చేతిలోని వైరు వంక చూశాను. వంటింట్లో గిన్నె కింద పడిన చప్పుడైంది. మా ఆవిడా విన్నది.

సాయమ్మ మాత్రం ముఖం వెలిగిపోతుంటే లేచింది. "మా మల్లిగాడు! వచ్చిండు సారూ!" అంటూ ఇంటికి పరుగెత్తింది. వెనకే వెళ్లాను. తాళం తీసి తలుపు రెక్కలు రెండూ బార్లా తెరిచింది. గల్లీలో ఎండ, గోడ పక్కన ఒక మేక. ఇంకెవరూ లేరు.

ఇంటికొచ్చి వైరు మళ్లీ ఫోన్‌కు తగిలించాను. చీకటి పడేముందు అది మోగింది. మల్లేశుతో పనిచేసే అంజయ్య. మల్లేశు బూత్ దగ్గర చాలాసేపు నిలబడ్డాడట. ఎన్నిసార్లు తిప్పినా ఎంగేజేనట. ఇక లాభం లేదని రోడ్డు దాటుతుంటే లారీ గుద్దింది.

"మూడున్నరకే పానం పోయింది సారూ," అని ఏడ్చాడు.

నేను వైరు పీకింది నాలుగు దాటాక.

సాయమ్మను పిలుచుకు రావడానికి వెళ్లాను. ఆమె తలుపు ఇంకా తెరిచే ఉంది. కొడుకు ఎక్కడో దోస్తుల దగ్గర ఆగి ఉంటాడని పొయ్యి మీద అన్నం పెట్టింది.

పీకేసిన వైరుతో ఆ మాట ఎలా వచ్చిందో ఇన్నేళ్లు ఫిజిక్స్ చెప్పిన నాకు ఈనాటికీ తెలియదు. ముగ్గురం విన్నాం, అంతవరకే చెప్పగలను. సాయమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. మేము ఆ ఇల్లు ఖాళీ చేసేదాకా ప్రతి ఆదివారం మూడింటికి వచ్చి, గడప మీద కూర్చుని, "సారూ, ఆ డబ్బా ఒక్కపారి పెట్టరాదు?" అని అడిగేది. ఖరాబైందని చెప్పేవాణ్ణి.

అది ఖరాబు కాలేదు. గుడ్డ చుట్టి బీరువా మీద పెట్టాను. పెడితే, ఈసారి మల్లేశు నాతో మాట్లాడతాడేమోనని భయం.