మా చెల్లెలి సంచిలోంచి తీసేసిన బరువు

బుక్కరాయసముద్రం నుంచి లేపాక్షికి నడిచి పోయి వచ్చినాం. నేను, మా చెల్లెలు సుజాత, ఆమె మొగుడు రమేశు. ఎట్ల పోవాల, ఏం మోసుకొని పోవాల అని అడిగేవాళ్ళు శానామంది ఉండారు, అందుకే రాస్తాండా. కోపంతోనే రాస్తాండా, ముందే చెప్తాండా.

సుజాతకు షుగరు. అది వచ్చినప్పటి నుంచి అత్తగారింట్లో ఒకటే మాట: "యాడికీ వద్దు, పడిపోతావ్." పెండ్లికి వద్దు, తేరుకు వద్దు, మా ఇంటికి కూడా ఒంటరిగా వద్దు. చూసి చూసి, లేపాక్షి వీరభద్రస్వామి దగ్గరికి నడిచే పోతానని పట్టు పట్టింది. వేళకు తిను, తీపి దగ్గర పెట్టుకో, పోయిరా అనింది డాక్టరమ్మ. అందుకే బెల్లంతో చేసిన చెనిక్కాయ ఉండలు, గ్లూకోజు పొట్లం సంచిలో పెట్టుకుంది. నడిచి చూపిస్తే ఇంట్లో ఆ మాట పోతాది. దారిలో పడిందా, ఇంక జన్మలో గడప దాటనీరు.

రమేశుది కిరాణా అంగడి. హిమాలయాల్లో నడిచేవాళ్ళ వీడియోలు ఫోన్లో చూసి చూసి తలకెక్కించుకున్నాడు. "బరువే మన శత్రువు వదినా" అంటాడు నాతో. అంగట్లో కాటా తెచ్చి నడింట్లో పెట్టినాడు. దుప్పటి పోయి చున్నీ వచ్చింది. సబ్బును దారంతో రెండు ముక్కలు కోసినాడు. చెంబు తీసేసినాడు. రెండో నీళ్ళ సీసా కూడా తీసేసి, "ప్రతి ఊర్లో నీళ్ళుంటాయి కదా" అన్నాడు. ఆ వీడియోల్లో అడుగడుక్కీ వాగులు పారతాండాయి. మన ఊర్ల మధ్యన యాడప్పా వాగులు? శివరాత్రికి చలి శివశివా అని పోతాదంటారు, మా సీమలో దాంతోపాటే నీళ్ళూ పోతాయి. నా సీసా నేను మళ్ళీ దోపుకున్నా.

చింతపండు తూచేటప్పుడు ఎక్కువైతే చిటికెడు చిటికెడు వెనక్కి తీస్తాడు చూడండి, అదే చెయ్యి మా సంచుల్లో దూరింది. ఆయన సంచిలో మాత్రం మడత కుర్చీ, వీడియోలు తీసే స్టాండు! అవి లైట్ వెయిట్ అంట, లెక్కలోకి రావంట.

తెల్లారుజామున ఐదుకు చెరువు పక్కనుంచి బయలుదేరినాం. అనంతపురం దాటి, రాప్తాడులో ఉగ్గాని, బజ్జీ తిన్నాం. పగలు ఎండెక్కినాక చెట్టు కింద ఆగడం, పొద్దు వాలినాక మళ్ళీ నడవడం. రాత్రికి రోడ్డు పక్కనే తెలిసినోళ్ళ ఇంట్లో పడుకున్నాం. నిజం చెప్పాల, సంచి తేలిగ్గా ఉంటే నడక సుఖమే. సుజాత మాకంటే ముందర నడిచింది.

మూడో రోజు చెన్నేకొత్తపల్లిలో ఆరుకే లేసినాం. సుజాత టిఫినుకు ముందర వేసుకునే షుగరు మాత్ర వేసుకుంది. ముందర రోడ్డు మీద పెద్ద హోటలుంది, ఆడ తిందామన్నాడు రమేశు. పోయి చూస్తే దానికి తాళం. ఇంకో హోటలు వస్తాదేమోనని నడిచినాం, నడిచినాం. అటూ ఇటూ పెరికేసిన చెనిక్కాయ చేన్లు తప్ప పురుగు లేదు. సుజాతకు చేతులు వణికినాయి, ముఖమంతా చెమట.

"అక్కా, సంచిలో చెనిక్కాయ ఉండలున్నాయి, తీయి" అనింది.

సంచి మొత్తం బోర్లించినా. ఉండల్లేవు. గ్లూకోజు పొట్లం కూడా లేదు.

"ఏమప్పా, ఉండలేవి?"

"అవా... బయలుదేరే ముందర తీసేసినా వదినా. దారంతా హోటళ్ళుంటాయి కదా అని."

సుజాత రోడ్డు పక్కన కూలబడింది. పిలిస్తే పలుకుతాండాది గానీ కండ్లు మూతలు పడతాండాయి. దేవుడు పంపినట్టు పెండ్లికి పోయే ఆటో ఒకటి ఆగింది. అందులోంచి ఒక ముసలామె దిగి, సుజాతకు షుగరని నేను చెప్తానే కూల్ డ్రింకు సీసా తెచ్చి, కొంచెం కొంచెంగా తాపించింది. సంచి చూసి రమేశు మీద విరుచుకుపడింది.

"చక్కెర మనిషిని నడిపించుకొని బెల్లం ముక్క లేకుండా వచ్చినావా? నీకు బుద్ధి ఉండాదా?"

ఆయన పక్కకు పోయి వాళ్ళమ్మకు ఫోను చేసినాడు. "నువ్వు చెప్పనే చెప్తివి కదమ్మా, ఈమెతో కాదని! పడిపోయింది. బస్సెక్కించుకొని వస్తాండా."

నా ఒళ్ళు మండిపోయింది. తీసింది ఈయన, పడింది ఆమె, చేతగానిది కూడా ఆమేనా? నోటికొచ్చినట్టు తిట్టినా. వరుసకు మరిదని కూడా చూడలేదు. సుజాత మాత్రం ఆయన మడత కుర్చీలో కూర్చొని, ఆటోవాళ్ళిచ్చిన లడ్డూ, చిత్రాన్నం తినింది. అరగంట ఆగి లేసింది.

"నువ్వు బస్సెక్కి ఇంటికి పో. మేమిద్దరం నడుస్తాం" అనింది మొగునితో.

ఆయన బస్సెక్కలేదు. మా వెనకే వచ్చినాడు. పెనుకొండలో బెల్లం, గ్లూకోజు, ఇంకో రెండు సీసాలు కొని సుజాత తన సంచిలో తానే పెట్టుకుంది. బరువు పెరిగింది, నడక మాత్రం తగ్గలేదు. ఐదో రోజు సాయంత్రం లేపాక్షి బసవన్న కనబడినాడు. గుడి మెట్టు మీద కూర్చొని సుజాత ఏడ్చింది, నేనూ ఏడ్చినా.

మరుసటి రోజు హిందూపురం పోయి మధ్యాహ్నం రెండు గంటల బస్సెక్కినాం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడోళ్ళకు ఉచితం, రమేశుకే టికెట్టు. ఆ కార్డు బరువని తీసెయ్యలేదు, సంతోషం. మా సంచులు చూసి పక్క సీటాయన, "ఏమన్నా, లేపాక్షికి నడిచి వచ్చినారా?" అని అడిగినాడు.

"అంతా సంచి సర్దడంలో ఉండాదన్నా" అన్నాడు మావాడు. ఏం మనిషో!

అప్పుడే ఫోను మోగింది. వాళ్ళమ్మ. బస్సు చప్పుడుకు వినబడక స్పీకర్ పెట్టినాడు.

"చెప్తే వింటిరా? ఇంక ఆమెను ఇల్లు కదలనీయను నేను" అంటాందామె.

సుజాత ఫోను లాక్కుంది. "అత్తా, పడింది నిజమే. లేసి లేపాక్షి దాకా నడిచింది కూడా నిజమే. నా సంచిలోంచి ఏం తీసినాడో నీ కొడుకునడుగు."

"ఏం తీసినావురా?"

రమేశు కిటికీ వైపు తిరిగినాడు. బస్సులో అందరూ ఆయన్నే చూస్తాండారు.

"ఉండలమ్మా... గ్లూకోజు కూడా. బరువని."

"నీ బరువు తగలెయ్య!" అని అరిచింది వాళ్ళమ్మ. నాకు ఆ ఫోను లాక్కొని ఇంకో నాలుగు మాటలు అనాలనిపించింది. సుజాత నా చెయ్యి పట్టుకొని ఆపింది.

"వచ్చే ఏడు తిరుపతికి నడుస్తానత్తా" అనింది. "నా సంచి నేనే సర్దుకుంటా. ఎవరూ చెయ్యి పెట్టద్దండి."

"నువ్వే సర్దుకో" అనిందామె. "వాణ్ణి ముట్టుకోనీయద్దు."