బొనముసాది పెద్దన్న

అక్టోబరు వచ్చిందంటే అల్లారసెం పొద్దుట చెప్పే ట్యూషన్లన్నీ మానుకునేవాడు. ఉత్తరాన న్గావుందెరె నుంచి వచ్చే రైలు ఎనిమిదింటికి రావాలి. పదింటికైనా వస్తుందన్న నమ్మకం లేదు. అయినా ఏడు కొట్టేసరికి యావుందే స్టేషను బయట, తడిసిన మెట్ల పక్కన, గొడుగు చంకలో పెట్టుకుని నిలబడేవాడు. పొరుగుదేశం చాద్ నుంచి చదువుకోవడానికి కొత్తగా వచ్చే పిల్లలు ఆ రైల్లోనే దిగుతారు. ఒక పగలంతా బస్సులోనూ, ఒక రాత్రంతా రైల్లోనూ కూర్చుని కాళ్లు వాచిపోయి, ఎవరో లాక్కుపోతారన్నట్టు సంచులు గుండెలకి అదుముకుని దిగుతారు.

వాళ్లలో ఎవరికీ అతను చుట్టం కాదు. కానీ అందరికీ పెద్దన్నే. గది వెతికిపెట్టేదీ, నివాస కార్డు కోసం ఏ కిటికీ ముందు ఎప్పుడు నిలబడాలో చెప్పేదీ, మొదటిసారి మలేరియా వస్తే టాక్సీలో ఒళ్లో పడుకోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లేదీ అతనే. పదమూడేళ్ల కిందట అతనూ ఇలాగే ఆ రైల్లో దిగాడు. భూగోళశాస్త్రంలో పరిశోధన చేసి నాలుగేళ్లలో వెనక్కి వెళ్లిపోవాలన్నది అప్పటి మాట. ఇప్పుడు అతనికి ముప్పై ఎనిమిది. బొనముసాది అనే విద్యార్థుల పేటలో అదే గది, అదే ఇనప మంచం. గోడకి లొగోన్ నది పటం ఒకటి, తేమకి అంచులు పైకి లేచి ఉంటుంది.

ఆ ఏడు దిగినవాళ్లలో రెమాజీ ఒకతి. మూందూ పట్నం పిల్ల. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. తనకన్నా బరువైన గోనెసంచీని ఈడ్చుకుంటూ తిన్నగా అతని దగ్గరికే వచ్చింది.

"నువ్వేనా పెద్దన్నవి? ఎవరో ముసలాయన అనుకున్నాను."

"ముసలివాడినేనమ్మా. జుట్టుకి రంగేసుకుని వచ్చాను. ఈ సంచీలో ఏముంది, రాళ్లా?"

"బెండకాయ ఒరుగులు. ఇక్కడ తిండి దొరకదని మా అమ్మ నమ్మకం."

"మీ అమ్మ మంచిదే. తిండి దొరకదన్న మాట మా ఇంటి యజమానురాలి దగ్గర మాత్రం అనకు."

యజమానురాలంటే క్లోతిల్డ్ అమ్మ. పద్దెనిమిది గదుల లోగిలి ఆమెది. పొద్దున్నే గేటు ముందు పొయ్యి పెట్టి బొండాలు వేస్తుంది. పక్క పొయ్యి మీద ఎర్ర చిక్కుడు గింజలు ఉడుకుతుంటాయి. లోగిలంతా అక్కడే చేరుతుంది. ఆ పూట రెమాజీకి కూడా ఒక పళ్లెం ఇచ్చి, ఎగాదిగా చూసి, "ఎడారి నుంచి ఇంకొకత్తె వచ్చిందా? తిను తల్లీ, గాలికి ఎగిరిపోయేలా ఉన్నావు" అంది.

"మాది ఎడారి కాదమ్మా. మా ఇంటి వెనకాలే నది" అంది రెమాజీ.

"ఇతనూ పదమూడేళ్లుగా అదే చెప్తాడు."

రెమాజీ బొండా కొరుకుతూ అల్లారసెం వైపు తిరిగింది. "పదమూడేళ్లా! నువ్విప్పుడు ఏం చదువుతున్నావు పెద్దన్నా?"

బల్ల మీద కూర్చున్నవాళ్లలో ఒకడు గింజల పళ్లెంలోకి తల దించేసుకున్నాడు. ఆ ప్రశ్న ఆ లోగిట్లో ఎవరూ వేయరు.

"రాస్తున్నాను" అన్నాడు అల్లారసెం. కాసేపటికి గొడుగు తీసుకుని, ఎవరికో సంతకం కావాలంటూ వెళ్లిపోయాడు.

"ఆ మాట పదేళ్లుగా నా నాలుక చివరే ఉంది. నువ్వు వచ్చిన పూటే అడిగేశావు" అంది క్లోతిల్డ్ అమ్మ, బొండాలు తిప్పుతూ. మందలిస్తోందో, మెచ్చుకుంటోందో రెమాజీకి అర్థం కాలేదు.

రెమాజీ చేరింది కూడా భూగోళశాస్త్రంలోనే. ఆ విభాగంలో ఎసిందీ అనే ప్రొఫెసరుండేవాడు. నవ్వడం తెలియని మనిషి. రెమాజీ మొదటి వ్యాసం చదివి, "ఇది చదువు కాదు, వంటావిడ కబుర్లు" అని వెనక్కి విసిరేశాడు. ఆ తర్వాత బీరువాలోంచి దారంతో కట్టిన కాగితాల దొంతర తీసి ఆమె ముందు పెట్టాడు. "రాయడమంటే ఏమిటో ఇందులో చూడు. చదివి మళ్లీ తీసుకురా. నలగకూడదు."

నాలుగు అధ్యాయాలు. లొగోన్ వరదల గురించి. పై కాగితం మీద అల్లారసెం పేరుంది, ఏడేళ్ల కిందటి తేదీ ఉంది. రెమాజీ ఆ రాత్రి అన్నం మాటే మరిచి చదివింది. తను పుట్టినప్పటి నుంచీ చూస్తున్న నది ఎక్కడ ఊపిరి పీలుస్తుందో, ఎక్కడ ఒళ్లు విరుచుకుంటుందో ఆ కాగితాల్లో ఉంది. ఇరవై మూడేళ్ల నీటిమట్టాలు రోజువారీగా పట్టికలుగా ఉన్నాయి. నాలుగో అధ్యాయం సగంలో ఆగిపోయింది. వాక్యం కూడా పూర్తి కాలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఆమె జొన్న సంకటి, ఒరుగుల పులుసు వండి గిన్నె పట్టుకుని అతని గదికి వెళ్లింది. అతను రెండు ముద్దలు తిని కళ్లు మూసుకున్నాడు. "అచ్చం మా అమ్మ చేతి వంటలా ఉంది" అన్నాడు. అప్పుడు ఆమె సంచీలోంచి కాగితాలు తీసి మంచం మీద పెట్టింది.

అతని చెయ్యి గిన్నెలోనే ఉండిపోయింది.

"ఎవరిచ్చారు?"

"ఎసిందీ సార్. ఇలా రాయగలిగినవాడివి, ఏడేళ్లుగా మా అందరి కాగితాలూ పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నావు. ఎందుకు ఆపేశావు?"

"తీరిక లేదు."

"నాతో చెప్పకు. తీరిక లేకుండా చేసుకుంటున్నది నువ్వే. ఇంకొకటి అడుగుతాను. ఈ పట్టిక దగ్గర సార్ పెన్సిలుతో గీత గీశారు. ఎందుకో తెలుసా?"

అల్లారసెం కాగితం లాక్కున్నాడు. ఇరవై మూడేళ్లలో ఒకే ఒక చలికాలం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నాలుగు నెలల అంకెల పక్కన నిలువుగా సన్నటి గీత. ఈ కాగితాలు సారు దగ్గరే ఉండిపోవడంతో అతను ఆ గీతని ఎన్నడూ చూడలేదు. కాగితం మంచం మీద పెట్టి, కిటికీ వైపు చూస్తూ చెప్పాడు.

నది ఒడ్డున నీటిమట్టం కొలిచే ఇనప కొలబద్ద ఒకటి ఉండేది. రోజూ తెల్లవారగానే వెళ్లి, నీళ్లు ఎంత వరకు ఉన్నాయో చూసి పుస్తకంలో రాయడం అతని తండ్రి ఉద్యోగం. అల్లారసెం పరిశోధన అంతా ఆ పుస్తకాల మీదే నిలబడింది. అంకెలన్నీ పట్టికలకి ఎక్కిస్తుండగా ఆ నాలుగు నెలలు కంటబడ్డాయి. రోజుకి సరిగ్గా రెండు సెంటీమీటర్ల చొప్పున నీళ్లు తగ్గుతూ పోయాయి. ఒక్క రోజు తేడా లేదు. అతనికి వెంటనే గుర్తొచ్చింది. అప్పుడు తనకి పదిహేనేళ్లు. నాన్న పాదం పుండు పడి, గుడ్డ చుట్టుకుని, చలికాలమంతా చాప మీదే పడుకున్నాడు. చాప మీద నుంచే పుస్తకం నింపాడు.

"అబద్ధం రాశాడు" అన్నాడు అల్లారసెం. "ఉద్యోగం పోతుందని భయపడి ఉంటాడు. అది నేను రాస్తే నా చేత్తోనే నాన్న పరువు తీసినట్టు. రాయకపోతే నేనూ అబద్ధాలకోరునే. ప్రతి ఆదివారం ఫోన్లో అడిగేవాడు, మన పుస్తకం అచ్చయిందా అని. రాస్తున్నాను నాన్నా అనేవాణ్ణి. నాలుగేళ్ల కిందట పోయాడు."

రెమాజీ చల్లారిన సంకటి మీద మూత పెట్టింది. తర్వాత అంది, "ఇరవై మూడేళ్లలో నాలుగు నెలలు లేవలేకపోయాడు. మిగతా రోజులన్నీ వెళ్లాడుగా. వర్షంలో, వరదలో. అది కూడా నువ్వు రాయడం లేదు కదా."

"సార్‌కి తెలిసిపోయింది."

"ఏడేళ్ల కిందటే తెలిసింది. ఆయన నిన్నేం చేశారు? నీ కాగితాలు నలగకుండా దాచి, నాబోటి వాళ్లకి చూపిస్తున్నారు. జూలైలో రిటైరవుతున్నారట. వెళ్లి మాట్లాడు అన్నా. భయమైతే నేను తోడొస్తాను."

"నీకంటే పదిహేనేళ్లు పెద్దవాణ్ణి. తోడు రావడమేమిటి?" అన్నాడు. కానీ మూడు రోజుల తర్వాత ఆమె తోడుంటేనే వెళ్లాడు. ఆమె వరండాలో నిలబడింది. తలుపు సగం తెరిచే ఉంది.

"రండి అల్లారసెం గారూ" అన్నాడు ఎసిందీ, కళ్లజోడు తీయకుండా. "దారి తప్పి వచ్చారా?"

అల్లారసెం నిలబడే అంతా చెప్పాడు. తండ్రి పాదం, చాప, పుస్తకం. ముసలాయన అడ్డు రాకుండా విన్నాడు.

"నదులు మెట్లు దిగినట్టు దిగవయ్యా" అన్నాడు చివరికి. "మొదటిసారి చూసినప్పుడే పట్టుకున్నాను. నీ అంతట నువ్వు చెప్తావా, దాస్తావా అని చూద్దామనుకున్నాను. వారంలో వస్తావనుకున్నాను. ఏడేళ్లు పట్టింది నీకు."

"మీరు ఒక్క మాట అడిగి ఉంటే సార్..."

ప్రొఫెసరు కిటికీలోంచి బయటికి చూశాడు. "అవును. అడగవలసింది. అది నా తప్పు" అన్నాడు. ఆ మనిషి నోట తప్పు అనే మాట తన గురించి రావడం వరండాలో ఉన్న రెమాజీ కూడా నమ్మలేకపోయింది. మరుక్షణం ఆయన మామూలు గొంతుతో, "ఆ నాలుగు నెలలు తీసెయ్. ఎందుకు తీశావో రాయి. మేలోగా నా బల్ల మీద ఉండాలి. తలుపు వేసుకుని పో" అన్నాడు.

ఆ ఆరు నెలలు అల్లారసెం గదికి రెమాజీ కాపలా కాసింది. కొత్తపిల్లల నివాస కార్డుల వరసల్లో ఆమే నిలబడింది. ఎవరైనా తలుపు తట్టబోతే క్లోతిల్డ్ అమ్మ గరిటె ఎత్తేది. "మీ పెద్దన్న చచ్చాడనుకోండిరా. ఏం కావాలన్నా ఆ పొడుగుపిల్లని అడగండి." ఏప్రిల్లో ఒకసారి అతను మొత్తం చించేస్తానని గొడవ పడ్డాడు. క్లోతిల్డ్ అమ్మ లోపలికి వెళ్లి, గంటసేపు ఏం మాట్లాడిందో గానీ, బయటికొచ్చి, "పడుకున్నాడు. రేపు రాస్తాడు" అంది. రాశాడు.

జూన్ పదహారున పరిశోధన మీద మౌఖిక పరీక్ష. విశ్వవిద్యాలయం హాలులో వెనక వరసలన్నీ చాద్ పిల్లలే. ముందు వరసలో క్లోతిల్డ్ అమ్మ, పెళ్లికి కట్టినట్టు తలకి పెద్ద గుడ్డ కట్టుకుని కూర్చుంది. బయటి ఊరి నుంచి వచ్చిన పరీక్షకుడు పుస్తకం తిరగేస్తూ, "ఇక్కడ నాలుగు నెలల ఖాళీ ఉంది. కొలిచే మనిషి లేడా?" అని అడిగాడు.

"ఉన్నాడండి. మా నాన్న" అన్నాడు అల్లారసెం. "ఆ చలికాలం పాదం పుండు పడి నడవలేకపోయారు. ఉద్యోగం పోతుందని తోచిన అంకెలు రాశారు. వాటిని నేను వాడలేదు. మిగతా ఇరవై రెండేళ్ల ఎనిమిది నెలల అంకెలు పక్క ఊరి కొలతలతో సరిచూశాను. సరిపోయాయి. ఈ పుస్తకంలో నేను చేసింది లెక్కలే. నదిని చూసినవాడు ఆయన."

పరీక్షకుడు తల ఊపి, ఏదో రాసుకుని, పేజీ తిప్పాడు. అంతే. ఏడేళ్లు మోసిన సంగతి అర నిమిషంలో అయిపోయింది. గంట తర్వాత పరీక్షకులంతా లేచి నిలబడి, ఉత్తమ శ్రేణిలో పట్టా ఇస్తున్నామన్నారు. క్లోతిల్డ్ అమ్మ నాలుక ఆడిస్తూ సంబరంగా పెట్టిన కేకకి ఎసిందీ చెవి మూసుకున్నాడు. అప్పుడు ఆయన నవ్వాడని కొందరంటారు. రెమాజీ మాత్రం ఒప్పుకోదు.

ఆగస్టు చివర్లో అల్లారసెంకి మూందూలో పాఠాలు చెప్పే ఉద్యోగం దొరికింది. సామాను కట్టే రోజున లోగిలంతా గుమ్మం దగ్గరే ఉంది. మంచం ఒకడు, గొడుగు ఒకడు పంచుకున్నారు. క్లోతిల్డ్ అమ్మ కర్రపెండలం ముద్దని ఆకుల్లో చుట్టి ఉడికించే 'బొబోలో' కట్టలు పది తెచ్చి సంచీలో కుక్కింది.

"ఇన్ని ఎందుకమ్మా? అక్కడ తిండి ఉంటుంది."

"ఎడారిలో ఏముంటుంది, ఇసుకా?"

"నది ఉంటుందమ్మా" అన్నాడు. ఆవిడ భుజం మీది గుడ్డతో మొహం తుడుచుకుని, "తెలుసులేరా. పుస్తకం మొత్తం అదేగా, హాల్లో కూర్చుని విన్నాను" అంది.

అల్లారసెం గారు ఇప్పుడు మూందూలోనే ఉన్నారు. పెళ్లయింది, ఇద్దరు ఆడపిల్లలు. పాఠం చెప్పేటప్పుడు కఠినంగా ఉంటారట. కానీ ఏ విద్యార్థి అయినా రెండు వారాలు కనబడకపోతే, కారణం ఏమిటో అడగడానికి స్వయంగా వాళ్ల గదికి నడిచి వెళ్తారు.