నాయన పీకేసిన అంకెలు

లైబ్రేరియన్ కావాలనుకుంటున్నానని నేను ఇంట్లో చెప్పిన రోజు గొడవేమీ జరగలేదు. అమ్మ చారులో ఉప్పు చూసుకుంటూ ఉండిపోయింది. నాయన మాత్రం, "పుస్తకాలు చూసుకొనేదానికి గూడా చదవల్లా పాపా?" అని అడిగాడు. చదవాలన్నాను. "చీరలు చూసుకొనేదానికి నేనేం చదివినా?" అన్నాడు. ధర్మవరంలో ఒక పట్టుచీరల అంగట్లో ముప్పై ఏళ్లుగా చీరలు విప్పి చూపించి, మళ్లీ మడతపెట్టే మనిషాయన. అయినా వెళ్లి చదువుకున్నాను.

చదువయ్యాక పెనుకొండలో ఒక గ్రంథాలయంలో ఆరునెలలు జీతం లేకుండా పనిచేశాను. తర్వాత హిందూపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ వాళ్లు తాత్కాలికంగా తీసుకున్నారు. పొద్దున ధర్మవరంలో రైలెక్కితే ఎవరో ఒక తెలిసినావిడ పక్కన కూర్చుంటుంది.

"ఏం పాపా, యాడ పని?"

"లైబ్రరీలో అక్కా."

"అది సరేలే. పని యాడ?"

ఈ సంభాషణ వారానికి మూడుసార్లు జరిగేది. కొన్నాళ్లకు కిటికీ వైపు తిరిగి నిద్ర నటించడం నేర్చుకున్నాను. లైబ్రరీ సైన్సులో ఈ పాఠం లేదు, పెట్టాలి.

కాలేజీ లైబ్రరీలో ఆరు బీరువాలు, సుమారు పద్నాలుగు వందల పుస్తకాలు. ఎవరు ఎప్పుడు ఇచ్చినవి అప్పుడే ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ దూర్చారు. ఆర్థికశాస్త్రం పక్కన పదో తరగతి గైడు, దాని వెనక కబడ్డీ కప్పు. రెండు నెలలు కూర్చుని ఒక్కో పుస్తకాన్నీ రిజిస్టరులో ఎక్కించాను. ప్రపంచమంతా వాడే పద్ధతిలో ఒక్కోదానికి అంకె వేశాను. ఆర్థికశాస్త్రమైతే 330, వ్యవసాయమైతే 630, సాహిత్యమైతే 800. ఆపైన చుక్క పెట్టి, ఏ దేశం, ఏ పంట, ఏ భాష అన్నదానికి మరికొన్ని అంకెలు. ఆ అంకెల్ని చిన్న చీటీల మీద ముద్రించి ప్రతి పుస్తకం వీపు కింద అతికించాను. ఇంత పనీ ఎందుకంటే, ఆ శుక్రవారం యూనివర్సిటీ నుంచి కాలేజీకి తనిఖీ ఉంది.

"వాళ్లు లైబ్రరీ బాగుందని రాస్తే నీ పోస్టు పర్మనెంటమ్మా. లేదంటే ఈ గది కంప్యూటర్ ల్యాబు అయిపోతుంది," అన్నాడు ప్రిన్సిపాల్. కంప్యూటర్లు కూడా అప్పుడే కొలతలు తీసుకుంటున్నట్టు అనిపించింది నాకు.

ఇంట్లో ఒప్పందం ఇంకా సూటిగా ఉంది. ఇది పర్మనెంటు కాకపోతే, సోమవారం నేను ఎర్రమంచి దగ్గరున్న కార్ల కంపెనీకి పోవాలి. అక్కడ మా పిన్నమ్మ కొడుకు ఒక ఆఫీసు పని చూసిపెట్టాడు.

గురువారానికి మిగిలిన పనల్లా, నేల మీద కుప్పలుగా ఉన్న పుస్తకాల్ని అంకెల వరసలో బీరువాల్లో పెట్టడం. ఆ రోజు అంగడికి సెలవని నాయన్ని సాయం తెచ్చుకున్నాను. మధ్యాహ్నం ప్రిన్సిపాల్‌కు ఉన్నట్టుండి గుర్తొచ్చింది, ఫైల్లో నా పెనుకొండ అనుభవపత్రం లేదని.

"నాయనా, నేను పెనుకొండకు పోయొస్తా. కుప్పల్ని ఊరికే బీరువాల్లో పెట్టు. వరస నేనొచ్చి చూసుకుంటా."

"నాకు చెప్పల్లా? ముప్పై ఏండ్ల నుంచి పెడతాండా."

నేను భయపడవలసిన చోటు అదే. భయపడకుండా బస్సెక్కాను.

పెనుకొండలో లైబ్రరీ మేడం ఐదు నిమిషాల్లో పత్రం రాసిచ్చి, నలభై నిమిషాలు తన మోకాలి గురించి చెప్పింది. తిరిగొచ్చేసరికి సాయంత్రమైంది. తలుపు తీయగానే, మొదట చాలా అందంగా ఉందనిపించింది. రెండో క్షణంలో బీరువాల దగ్గరికి పరిగెత్తాను.

ఒక బీరువా నిండా ఎరుపు. ఒక బీరువా నిండా నీలం. ఆకుపచ్చ ముదురు నుంచి లేతకు దిగుతోంది. బంగారు అక్షరాల అట్టలన్నీ ఎదురుగా, కంటి ఎత్తులో. ఏ పుస్తకం వీపు మీదా చీటీ లేదు.

"నాయనా, చీటీలేవి?"

"రేట్లా? పీకేసినా."

"రేట్లు కాదు నాయనా అవి!"

"మూడునూర్ల ముప్పై, చుక్క, తొంబై ఐదు అని ఉండాది. రేటు గాకుంటే ఏంది? పెద్దోళ్లు వస్తాండారు గదా, వాళ్ల ముందర రేట్లు కనపడితే మర్యాదగా ఉంటాదా? మేము పెండ్లి చీరకు ముందు చీటీ తీసే పెట్టెలో పెడతాం." ఒక పుస్తకం వీపు నా వైపు తిప్పి, "ఒక్క అట్ట గూడా చిరగలేదు చూడు," అన్నాడు. నిజమే. పట్టుపోగు లేవకుండా చీటీ తీసే గోరు ఆయనది. తీసినవన్నీ పాత క్యాలెండరు వెనక వరసగా అతికించి పెట్టాడు, నేను మెచ్చుకుంటానని.

ఏడవాలో అరవాలో తేల్చుకోలేక మెట్ల మీద కూర్చుని, ఆయన తెచ్చిన బొరుగులు తిన్నాను. ఏ చీటీ ఏ పుస్తకానిదో రిజిస్టరులో వెతికి, ఒక్క రాత్రిలో పద్నాలుగు వందలు అతికించడం కుదరదు. సోమవారం మాత్రం తప్పకుండా వస్తుంది.

శుక్రవారం ముగ్గురొచ్చారు. నేను అంగడికి పొమ్మన్నా పోకుండా నాయన గుమ్మం బయట స్టూలు వేసుకున్నాడు. వాళ్లలో కళ్లజోడు మేడం బీరువాలు చూసి, "చాలా ముచ్చటగా ఉందే," అంది. ప్రిన్సిపాల్ అప్పుడే గెలిచినట్టు నవ్వాడు. "సరే, మట్టి పరీక్షల మీద ఏదైనా పుస్తకం తియ్యమ్మా," అందామె.

ఆరు బీరువాలు నన్ను చూశాయి. నేను వాటిని చూశాను.

"మట్టిదా?" గుమ్మం బయట నుంచి నాయన. "పచ్చ అట్ట, మీద చెయ్యి బొమ్మ, చేతిలో మన్ను. నాలుగో బీరువా, కింది నుంచి రెండో వరస." చెప్పి ఊరుకోలేదు. లోపలికొచ్చి, తీసి, రెండు అరచేతుల మీద పరిచి చూపించాడు. "ఇంగా లేతరంగులో గూడా ఒకటుండాది మేడం, చూపమంటారా?"

"ఈయనెవరు?"

ప్రిన్సిపాల్ "మా సీనియర్ అసిస్టెంటు" అన్నాడు. అదే క్షణంలో నేను "మా నాయన" అన్నాను.

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. ధర చీటీలనుకుని నాయన పీకేసిన సంగతి మొత్తం చెప్పేశాను. ప్రిన్సిపాల్ సీలింగు ఫ్యాన్ వైపు చూస్తున్నాడు. కళ్లజోడు మేడం నవ్వలేదు, రిజిస్టరు అడిగింది. కూర్చుని చాలాసేపు పేజీలు తిప్పింది. ప్రతి పుస్తకానికీ ఎదురుగా అంకె ఉంది. నాయన గోరు రిజిస్టరు దాకా పోలేదు కాబట్టి.

"అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి. నెలలోపు చీటీలు మళ్లీ అతికించాలి," అని రాసి సంతకం పెట్టింది. పోతూ పోతూ నాయనతో, "ఇంకోసారి ఏమీ పీకొద్దండీ," అంది.

నా పర్మనెంటు ఆర్డరు రావడానికి వారం పట్టింది. నాయన మాత్రం ఆ శుక్రవారం సాయంత్రమే ఎర్రమంచికి ఫోను చేసి, "మా పాప రాదు లేబ్బా, దానికి పనుండాది," అన్నాడు. రైల్లో ఆ అక్కలకు ఈ మాట వినిపించాలని నాకు చాలా కోరికగా ఉంది.

ఇప్పుడు సెలవు దొరికిన రోజల్లా ఆయనే వచ్చి చీటీలు అతికిస్తున్నాడు, పీకింది ఆయనే కాబట్టి. నేను రిజిస్టరు చూసి అంకె చదవాలి. ఆయన ఒక్కోదాని దగ్గరా ఆగుతాడు.

"వ్యవసాయం ఎంత?"

"ఆరు వందల ముప్పై."

"కతలు?"

"ఎనిమిది వందలు. రేటు కాదు నాయనా."

"తెలుసులే. కానీ పంట పండిచ్చేదానికి ఆరునూర్లు, కతలు చెప్పేదానికి ఎనిమిదినూర్లా? ఎవరు కట్టినారు పాపా ఈ రేట్లు?"

ఇంకా తొమ్మిది వందల పుస్తకాలున్నాయి.